ప్రార్థన పొట్టలో చుక్క

ఆ వానాకాలం మా ఇంట్లో రెండు విషయాలు తేలవలసి ఉంది. ఒకటి, పైకప్పు ఎక్కడ కారుతోంది అన్నది. రెండు, రోజూ పొద్దున నేను చదువుకోవడానికి ఏ ధ్యానాల పుస్తకం తెచ్చుకోవాలన్నది. మొదటిది మా ఆయన చూసుకుంటానన్నారు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. లోకంలో అందర్నీ పైకీ కిందికీ పంపిస్తారు గానీ, సొంత ఇంటి కప్పు ఎక్కడానికి మాత్రం తీరిక దొరకదు. రెండోది నా చేతిలో పనే కదా, ఒక్క పూటలో తేలిపోతుందనుకున్నాను.

తేలలేదు. మా ఇంట్లో మామయ్యగారు ఉన్నారు మరి.

మామయ్యగారు అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఎర్ర పెన్సిల్ వదల్లేదు. చెవి మీద అది లేకుండా కనబడితే ఇంట్లో ఏదో జరిగిందనే లెక్క. పెళ్ళికార్డు వస్తే పెళ్ళెవరిదో తర్వాత, ముందు వత్తులూ దీర్ఘాలూ. కరెంటు బిల్లు, మందు సీసా మీద కాగితం, సబ్బు పెట్టె, ఏదీ ఆయన పెన్సిల్ కింద నలగకుండా ఇంట్లోకి రాదు. అత్తయ్యగారు పోయినప్పుడు సంస్మరణ కూడిక కార్డు ప్రూఫు కూడా ఆయనే చూశారు. కార్డులో ఒక్క తప్పు లేదు. ఆయన కళ్ళలో ఒక్క చుక్క లేదు.

అత్తయ్యగారు ఉన్నంతకాలం పొద్దున్నే గొంతెత్తి వాక్యం చదివేవారు. మేమందరం ఆమెన్ అనేవాళ్ళం. నా వాటా ఆ ఆమెన్ ఒక్కటే. ఆవిడతోపాటు ఆ గొంతూ పోయింది, మా ఆమెన్లూ పోయాయి. డిగ్రీ చదివినదాన్ని, నా అంతట నేను చదువుకోలేనా అని బైబిల్ తెరిస్తే, వేలు పడిన చోటల్లా వంశావళే. ఎవరు ఎవర్ని కన్నారు, వాళ్ళు మళ్ళీ ఎవర్ని కన్నారు. అది దాటితే గుడారం కొలతలు. చూస్తుండగానే నా బైబిల్, ఇస్త్రీ చేసి దాచిన చీరలాగా, మడత విప్పకుండా బీరువాలోకి చేరింది. బీరువా తెరిచినప్పుడల్లా నన్ను చూసేది. నేను చీర తీసుకుని తలుపు వేసేసేదాన్ని.

పొద్దున పాలు పొంగడానికీ, మా ఆయన సాక్సుల కోసం కేకెయ్యడానికీ మధ్య మా ఇంట్లో కాసేపు నిశ్శబ్దం ఉంటుంది. ఆ కాసేపూ నాది కావాలి. ఇంటి కోడలితో కాదు, ఫలానావారి భార్యతో కాదు, నాతో దేవుడు ఒక్క మాట మాట్లాడాలి. ఆ మాట దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే పుస్తకం ఒకటి దొరకాలి. ఈసారి కూడా దొరక్కపోతే, ఇక నేను ఆదివారం మాత్రమే విశ్వాసిగా మిగిలిపోతానని తెలుస్తూనే ఉంది. గొడుగు తీసుకుని బయల్దేరాను.

చర్చి వెనక సందులో పుస్తకాల షాపుంది. అక్కడుండే ఆవిడ ధ్యానాల పుస్తకాలు మందుల్లా ఇస్తుంది.

"ఎవరికమ్మా?"

"నాకేనండీ."

"పొద్దున వేసుకోవడానికా, పడుకోబోయే ముందా?"

"పొద్దున."

ఒకటి తీసి బల్లమీద పెట్టింది. "ఇది బాగా ఘాటు. ప్రతి పేజీ చివరా హెచ్చరికే. మొండివాళ్ళకి కూడా వారంలో మారుమనసు వచ్చేస్తుంది."

"నేను అంత మొండిదాన్నని ఎవరు చెప్పారండీ?"

"చూస్తే తెలుస్తుంది కదమ్మా," అంది నవ్వకుండా. "నచ్చకపోతే తెచ్చి మార్చుకో. గీతలు మాత్రం పడకూడదు."

గీతలు పడకూడదట. మా ఇంటి సంగతి ఆవిడకేం తెలుసు?

మర్నాడు పొద్దున పాలు పొంగించి, కుర్చీ లాక్కుని, పుస్తకం తెరిచాను. మొదటి పేజీ నిండా ఎర్ర గీతలు. పక్కన ఖాళీ జాగాలో గుర్తులు. కిందన సన్నటి అక్షరాలతో 'అచ్చు నాసి' అని ఒక తీర్పు.

"మామయ్యగారూ, ఈ పుస్తకం మీరు చూశారా?"

"చూడకుండా ఎలా ఉంటానమ్మాయ్? బల్లమీద పెట్టి వెళ్ళావు." పెన్సిల్ చెవి మీంచి తీసి నా పేజీ మీద ఆనించారు. "ఇదిగో, ఇది చూడు. ప్రార్థన అని వెయ్యాల్సిన చోట ఏం వేశాడు?"

"ప్రార్థన అనే ఉంది కదండీ."

"ప్రార్ధన అని ఉంది! థ పొట్టలో చుక్క ఏది? చుక్క పెడితే థ, పెట్టకపోతే ధ. పుస్తకమంతా ఇంతే. చుక్క లేని ప్రార్థన పైకెలా వెళ్తుందమ్మాయ్?"

"లిఫ్టులో పంపిద్దాం నాన్నా," అన్నారు మా ఆయన, ఒక సాక్సు చేత్తో పట్టుకుని రెండోదాని కోసం వెతుకుతూ.

ఘాటు పుస్తకం అలా నాకే ఉండిపోయింది. రెండోసారి షాపావిడ తియ్యటిది ఇచ్చింది. అన్నీ వాగ్దానాలే. నీ కష్టాలు తీరును, నీ కొట్లు నిండును, నీ శత్రువులు నీ గుమ్మంలో నిలబడుదురు. మా గుమ్మంలో ఇప్పటికే చెప్పులకి చోటు లేదు. సరే, చదువుదామని కూర్చుంటే దానికీ అప్పటికే ఎర్రపూత పడిపోయింది.

"ఇది మరీ ఘోరం," అన్నారు మామయ్యగారు, దొంగని పట్టుకున్నవాడి ఆనందంతో. "పాపములను కడుగును అని ఉండాలి. ఏం వేశాడో చదువు."

"దేవుడు మన పాపలను కడుగును." చదివి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "అంత పనీ ఆయన చేసిపెడితే, హాస్టల్లో ఉన్న మన పిల్లది పసిదిగా ఉన్నప్పుడు నాకెంత పని తప్పేదండీ!"

ఆయన నవ్వలేదు. అచ్చుతప్పు ఆయనకి నవ్వులాట కాదు.

మూడోది వేరే భాషలోంచి అనువదించినది. ప్రతి పేజీలోనూ మంచు కురుస్తుంది, ఒక కుక్క తోక ఊపుతుంది, చివర్లో 'ప్రియమైన పాఠకుడా' అని పిలుస్తాడు. చీర కట్టుకుని, చేతిలో గరిటె పట్టుకుని కూర్చున్న నేను పాఠకుడా అంటే ఎలా పలుకుతాను? అయినా పలకడానికి చోటెక్కడుంది, అదీ ఎర్రబడిపోయింది.

అసలు కష్టం వేరే ఉంది. ఆ గీతల మధ్య నాకు మాట కనబడటం మానేసింది. పేజీ తెరిస్తే చాలు, కళ్ళు ఒక గుర్తు మీంచి ఇంకో గుర్తు మీదికి గెంతుతాయి. దేవుడి ముందు కూర్చున్నట్టు లేదు, దిద్దిన పరీక్ష పేపరు తీసుకున్నట్టుంది. ఒకరోజు పట్టలేక అడిగేశాను.

"మామయ్యగారూ, ఈ పేజీలో ఏముందో చెప్పండి."

"మూడు తప్పులు."

"అది కాదండీ. ఏం చెప్పాడు అందులో?"

ఆయన పేజీ వైపు చూశారు. నా వైపు చూశారు. పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నారు.

"చెప్పింది వింటూ కూర్చుంటే తప్పు కనబడదమ్మాయ్. మా పని అలాంటిది. అర్థంలోకి దిగామా, అక్షరం చేజారిపోతుంది. నేను చేరిన రోజునే మా పెద్దాయన చెప్పాడు. మరీ మనసుకి తగిలే విషయమైతే, చివరి మాట నుంచి వెనక్కి చూసుకుంటూ వచ్చేవాళ్ళం, అర్థం అడ్డు రాకుండా." గర్వంగానే అన్నారు: "ఒకసారి కొత్త నిబంధన మా దగ్గరికే అచ్చుకొచ్చింది. మొదట్నుంచి చివరిదాకా నేనే."

"అంతా చదివారన్నమాట."

"చూశానమ్మాయ్," అన్నారు.

ఆ మాట అని కిటికీ వైపు తిరిగారు. బయట వాన.

తర్వాతి వారం షాపుకి వెళ్తే, మామయ్యగారి పెన్సిల్ సంగతంతా విని ఆవిడ నన్ను చూసి నిట్టూర్చింది, జబ్బు తగ్గని మనిషిని చూసినట్టు. ఇంకేదైనా వెతుకుతానుండమని లోపలికి వెళ్ళింది. నిలబడి నిలబడి కాళ్ళు పీకి, మూలనున్న కట్ట మీద కూర్చోబోయాను. అది కూడా పుస్తకాల కట్టే. పైన దుమ్ము, చవక కాగితం, బిస్కట్టు రంగు అట్ట. ఎవరో స్త్రీల సమాజం వాళ్ళు వేయించిన ధ్యానాలు. ఊరికే తెరిచాను.

'ముందు వెళ్ళి నీ బైబిల్ తెరువు. చదివి వచ్చాక నాతో మాట్లాడు,' అని ఉంది మొదటి వాక్యం. పైన ఏ అధ్యాయం చదవాలో ఒక్క ముక్క. కింద సగం పేజీ మాటలు, పక్కింటావిడ గోడ మీంచి చెబుతున్నట్టు. ఆఖర్న ఒక ప్రశ్న. అంతే. జవాబు వాళ్ళు చెప్పలేదు. జవాబు నాకు వదిలేసిన పుస్తకాన్ని అంతవరకూ నేను చూడలేదు.

"అయ్యో, అదొద్దమ్మా," అంది షాపావిడ వస్తూనే. "తప్పుల తడక. ఎవరూ కొనరు. మీ మామగారు చూశారంటే కళ్ళు తిరిగి పడిపోతారు."

"ఇదే కావాలండీ."

"మార్చుకోవడానికి తేకూడదు మరి."

"తేను," అన్నాను. సగం దూరం వచ్చాక గానీ గొడుగు అక్కడే మర్చిపోయానని తెలియలేదు. తల మీద కొంగు కప్పుకోవలసింది పోయి, పుస్తకం మీద కప్పాను.

ఈసారి బల్లమీద పెట్టేంత అమాయకురాలిని కాను. ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టల గుట్ట అడుగున దాచాను. మా ఇంట్లో ఆ గుట్ట జోలికి నేను తప్ప ఎవరూ రారు. ఆ మాటకొస్తే నేనూ తరచుగా రాను. పొద్దున పాలు పొంగగానే బీరువాలోంచి బైబిల్, గుట్టలోంచి పుస్తకం, వంటింట్లో నేను. ఎవరి తప్పులు వాళ్ళకుండగా, మాట మాత్రం తిన్నగా వచ్చి నా ఎదురుగా కూర్చునేది. ఒక్కోరోజు ప్రశ్న గుచ్చేది. ఒక్కోరోజు గిన్నెలు తోముతుంటే జవాబు తోచేది. పాట రాని నేను కూనిరాగాలు తీస్తుంటే మా ఆయన తొంగిచూసి, "లాటరీ ఏమైనా తగిలిందా?" అని అడిగారు కూడా.

ఆ సుఖం కప్పు కారేదాకానే. ఎక్కడ కారుతోందో చివరికి తేలింది, సరిగ్గా మామయ్యగారి మంచం మీద. మంచం తెచ్చి వంటింటి గుమ్మం పక్కన, కిటికీ దగ్గర వేశాం.

మర్నాడు పొద్దున ఇంకా పేజీ తిప్పానో లేదో, అటునుంచి గొంతు వచ్చింది.

"ఏమిటా కాగితం?"

"ఏం లేదండీ, పేపరు."

"పేపరు చప్పుడు కాదది. కుట్టిన పుస్తకం. చవక కాగితం." లేచి కూర్చున్నారు. "ఏదీ, ఇలా తే."

చీకట్లో కాగితాన్ని చెవితో పోల్చే మనిషి దగ్గర ఏం దాస్తాం? పుస్తకం తీసుకెళ్ళి, ఇవ్వకుండా ఎదురుగా నిలబడ్డాను.

"ఇస్తాను మామయ్యగారూ. ముందు ఆ పెన్సిల్ నాకివ్వండి."

"పెన్సిల్ లేకుండా పుస్తకంతో ఏం చెయ్యను?"

"చదవండి."

"బాగుంది! తప్పు కనబడి దిద్దకపోతే నా చెయ్యి దురద పెడుతుంది. నువ్వు పులుసులో ఉప్పు తక్కువైందని తెలిసి ఊరుకుంటావా?"

"మీరు తినేస్తే ఊరుకుంటాను."

"వీడెక్కడ దొరికాడే నీకు, ఇలాంటి మాటలు నేర్పాడు?" అని కొడుకు వైపు చూశారు. మా ఆయన బకెట్టు పట్టుకుని అటే వస్తూ, "నాకే నేర్పుతోంది నాన్నా," అన్నారు.

పెన్సిల్ ఇవ్వలేదు. పుస్తకం ఇవ్వలేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరం కాఫీ గ్లాసుల చప్పుడుతోనే మాట్లాడుకున్నాం. చివరికి నేనే దిగొచ్చాను. రోజుకి ఒక్క పేజీ, ఆరోజుది, అదీ నేను చదువుకున్నాక. పెన్సిల్ ఉంచుకోవచ్చు. బైబిల్లో ఆ అధ్యాయం మాత్రం ముందు చదవాలి, పుస్తకమే అలా చెప్పింది కనక.

"చూస్తాలే," అన్నారు.

"చదవాలి."

"సరేనమ్మా, చదువుతాలే."

ఆనాటి పేజీ, తప్పు చేసి పట్టుబడిన స్త్రీ కథ. అందరూ రాళ్ళు పట్టుకుని చుట్టూ నిలబడతారు. ప్రభువేమో వంగి నేల మీద వేలితో ఏదో రాస్తాడు. తప్పు చెయ్యనివాణ్ణి ముందు రాయి వెయ్యమంటాడు. పెద్దవాళ్ళతో మొదలై ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోతారు. పుస్తకంలో కింద ప్రశ్న ఒకటే: 'ఇవాళ నీ చేతిలో ఉన్నదేమిటి?'

మామయ్యగారు కిటికీ దగ్గర కూర్చున్నారు. ఒళ్ళో బైబిల్, దాని మీద నా పుస్తకం, వేళ్ళ మధ్య పెన్సిల్. నేను వంట మొదలుపెట్టాను. మామూలుగా ఒక పేజీ ఆయనకి ఉల్లిపాయ తరిగినంత సేపు. కూర ఉడికింది. దించాను. మా ఆయన నిండిన బకెట్టు పారబోసి, ఖాళీది తెచ్చి పెట్టారు. అటువైపు నుంచి చప్పుడు లేదు.

అప్పుడు పిలిచారు. "అమ్మాయ్."

"ఆఁ, చెప్పండి."

"నేల మీద ఏం రాశాడంటావు?"

"తెలీదండీ. ఎక్కడా చెప్పలేదు."

"ఎవరూ చదవలేదా?"

"చదివినా బయట పెట్టలేదేమో."

"ఊఁ," అన్నారు. "ప్రూఫుకి రాలేదన్నమాట." పుస్తకం మూసి నా చేతికిచ్చి, స్నానానికి వెళ్ళిపోయారు.

గబగబా పేజీ తెరిచాను, ఎంత రక్తపాతం జరిగిందో చూద్దామని. ఒక్క గీత లేదు. కింద లావుపాటి అక్షరాలతో 'నేటి ప్రార్ధన' అని ఉంది, పొట్టలో చుక్క లేకుండా. చిన్నపిల్లకైనా కనబడేంత లావు. మామయ్యగారికి చూపు పోతోంది!

"ఏమండీ, ఇలా రండి, నాన్నగారిని డాక్టరుకి చూపించాలి" అంటున్నానో లేదో, స్నానాలగదిలోంచి కేక వినబడింది. "అమ్మాయ్! ఈ కొత్త సబ్బు పెట్టె చూశావా? సువాశన అట! సిగ్గులేదూ వీళ్ళకి?"

మా ఆయన నా మొహం చూసి, "దేనికి డాక్టరు?" అన్నారు.

"అబ్బే, ఏం లేదు," అన్నాను.

మళ్ళీ పేజీ తెరిచాను. ఆ ప్రశ్న పక్కన గుండ్రంగా, చిన్నగా ఒక తడి. కప్పు కారిందేమో అని పైకి చూశాను. కిటికీ దగ్గర కప్పు కారదు. మొత్తానికి ఆ పేజీ మీద మామయ్యగారు ఒక చుక్క పెట్టారు. ఎర్ర పెన్సిల్‌తో మాత్రం కాదు.

మర్నాడు నేను లేచేసరికి పాలు ఇంకా పొయ్యెక్కలేదు, మామయ్యగారు మాత్రం బల్ల దగ్గర ఉన్నారు. బైబిల్ తెరిచి ఉంది. చెవి ఖాళీగా ఉంది.

"ఇవాళ్టిది ఎక్కడుంది?" అన్నారు. "ఆ ఇస్త్రీ గుట్టలోంచి తియ్యి. అది అక్కడుందని నాకు మొదట్నుంచీ తెలుసులే."

ఆ దెబ్బకి పుస్తకం నా చెయ్యి దాటిపోయింది. నాకు మళ్ళీ పుస్తకం లేదు! గొడుగు తెచ్చుకున్నట్టూ ఉంటుందని షాపుకి పరిగెత్తాను.

"ఆ తప్పుల తడకేనా? ఇంకోటా?" షాపావిడ నోరు తెరిచింది.

"అవునండీ. మా ఇంట్లో ఎవరికీ తప్పులు కనబడటం లేదు."

ఆవిడ ఇంకో ప్రతి దుమ్ము దులుపుతూ సంగతి చెప్పింది. సమాజం వాళ్ళు ఆ పుస్తకాన్ని సరిచేసి మళ్ళీ అచ్చు వేయించాలనుకుంటున్నారట, చూసిపెట్టే మనిషే దొరకలేదట. "మీ మామగారు చూస్తారేమో అడుగుతావా?"

అడిగాను. ఆయన ఉద్యోగం మళ్ళీ వచ్చినవాడిలా చొక్కా సర్దుకున్నారు. "చూస్తాను. ఒక షరతు. నువ్వు పక్కన కూర్చుని పాత పుస్తకం పైకి చదవాలి, నేను కొత్త ప్రూఫులో చూసుకుంటాను. అచ్చాఫీసులో అలాగే చేసేవాళ్ళం."

అలా మా ఇంట్లో పొద్దున్నే మళ్ళీ ఒక గొంతు లేచింది. ఈసారి అది నాది. మొదటిరోజు నాకే వింతగా వినబడింది, ఎవరో వచ్చి నా కుర్చీలో కూర్చున్నట్టు. రెండోరోజుకి అలవాటైపోయింది. నేను చదివేదాన్ని. మామయ్యగారు పెన్సిల్ నడిపించేవారు. ఒక్కోచోట ఆపి, "అది మళ్ళీ చదువు," అనేవారు. పెన్సిల్ కదలకపోతే, అది తప్పు కోసం కాదని నాకు తెలిసిపోయేది. పేజీ అయ్యేసరికి గుమ్మంలోంచి మా ఆయన, ఒక కాలికి సాక్సు, ఒక కాలు ఖాళీ, "ఆమెన్" అనేవారు. నా పాత వాటా ఇప్పుడు ఆయనకి వెళ్ళింది.

నేల మీద రాసిన కథ వచ్చిన రోజు నేను మెల్లిగా చదివాను. ప్రశ్న చదివాను. ప్రార్థన చదివాను. పెన్సిల్ బల్లమీదే ఉండిపోయింది. కొత్త ప్రూఫులో కూడా ఆ లావు అక్షరాలకి పొట్టలో చుక్క లేదు. నేను చూశాను. ఆయన మొహమూ చూశాను. పేజీ తిప్పేశాను.

వానలు వెనకపట్టాక, కప్పు బాగయ్యాక, అప్పటికి మా ఆయనకి తీరిక దొరికింది లెండి, కొత్త పుస్తకాలు వచ్చాయి. షాపావిడ వాటిని మూలన పెట్టలేదు, గల్లా పక్కనే నిలబెట్టింది. నన్ను చూడగానే ఒక ప్రతి తీసి ఊపింది.

"అద్దంలా ఉందమ్మా! పుస్తకమంతా గాలించాను, ఒక్క తప్పు లేదు." అని గొంతు తగ్గించింది, పెద్దాయన పరువు కాపాడుతున్నట్టు. "అంటే, ఒకే ఒక్కటుంది. ఆ రాళ్ళ పేజీలో, ప్రార్థన అన్న మాట దగ్గర. చెప్పకు గానీ, మీ మామగారు అక్కడ చూడలేదు."

"చూడలేదండీ," అన్నాను గొడుగు విప్పుతూ. వాన లేదు, సంతోషం పట్టలేక విప్పాను. "అక్కడ చదివారు."